కిక్కిస లోపలి లెక్క

ఏటా జనవరిలో ఒకరోజు, ఇంకా వెలుగు రాకముందే ఒడిశాలోని చిలికా సరస్సు మీద పడవలు బయల్దేరతాయి. అటవీ శాఖ సిబ్బంది, పక్షి శాస్త్రవేత్తలు, సరదా కొద్దీ వచ్చిన పక్షిప్రియులు జట్లుగా విడిపోయి నీళ్లన్నీ పంచుకుంటారు. లెక్క ముగిశాక ఒక అంకె బయటికొస్తుంది. ఈ మధ్య సంవత్సరాల్లో ఆ అంకె 11 లక్షలు దాటుతోంది. బరంపురం, ఛత్రపురం టీ దుకాణాల్లో ఆ అంకె మీద ఒకటి రెండు రోజులు మాటలు నడుస్తాయి: పోయినేడు కన్నా పెరిగిందా, తగ్గిందా అని.

ఆ 11 లక్షల్లో ఎక్కువ భాగం నీళ్ల మీద బాహాటంగా కూర్చునేవే. సూదితోక బాతులు, ఇతర వలస బాతులు, బురదలో నడిచే ఉల్లంకి పిట్టలు, కొంగలు. బైనాక్యులర్ పట్టుకుని గట్టున నిలబడితే కనిపించే పక్షులు. అదే గట్టు పక్కన మనిషి నిలువుకు రెండింతలు పెరిగిన కిక్కిస గడ్డి గుబురు లోపల బతికే పక్షి మాత్రం ఈ లెక్కలోకి దాదాపు రాదు. దాని గొంతు వినిపిస్తుంది, ఆకు కదులుతుంది, అంతే. లెక్కపెట్టేవాళ్లలో లోపం ఉండి కాదు. కంటితో చేసే లెక్కకు కన్ను ఆనేంత వరకే హద్దు.

ఉదాహరణకు కంపజిట్ట. 19వ శతాబ్దపు ఇంగ్లిష్ పక్షి పట్టికల్లో ఈ పిట్టకు తెలుగు పేరుగా రాసినది ఇదే. శాస్త్రజ్ఞులు బ్లిత్స్ రీడ్ వార్బ్లర్ అంటారు. మట్టి రంగు ఒళ్లు, సన్నటి ముక్కు, పది పన్నెండు గ్రాముల బరువు. అంటే ఇప్పటి రూపాయి బిళ్లలు మూడు కలిపి తూచినంత. ఫిన్లాండ్ నుంచి సైబీరియా దాకా గుడ్లు పెట్టి, చలికాలానికి మన దేశం చేరుతుంది. కంపల్లో, పెరటి పొదల్లో, కిక్కిస అంచుల్లో ‘చెక్, చెక్’ అని నాలుక చప్పరించినట్టు అరుస్తూ ఏప్రిల్ దాకా ఉండిపోతుంది. గంజాం జిల్లా పల్లెల్లో ఈ అరుపు వినని పెరడు అరుదు. అయినా ఇవి ఎన్ని వస్తున్నాయి, వచ్చినవాటిలో ఎన్ని మళ్లీ ఏడాది తిరిగొస్తున్నాయి అంటే జనవరి లెక్కలో జవాబు దొరకదు. ఆ జవాబు కావాలంటే పిట్టను పట్టుకోవాలి, కాలికి రింగు తొడిగి గుర్తు పెట్టాలి, వదిలెయ్యాలి, మళ్లీ పట్టుకోవాలి.

నళ వనం

చిలికాలో పక్షుల అభయారణ్యం పేరు నళబణ. ఒడియాలో నళ అంటే ఈ కిక్కిస జాతి గడ్డి, బణ అంటే వనం. 15.53 చదరపు కిలోమీటర్ల ఆ దిబ్బ వానాకాలంలో మునిగి చలికాలంలో తేలుతుంది. పేరులో గడ్డి ఉన్నా ఇప్పుడు దానికి పేరు తెచ్చింది బురద మేటల మీద దిగే బాతులూ ఉల్లంకులూ. నిజమైన కిక్కిస అడవి సరస్సు ఉత్తర భాగంలో ఉంది. దయా, భార్గవి వంటి ఏరులు మహానది వైపు నుంచి మంచినీళ్లు తెచ్చి కలిపే చోటు అది. ఖుర్దా జిల్లా మంగళజోడి పక్కన పడవలో వెళ్లేవాళ్లకు ఇరువైపులా కనిపించే పచ్చగోడ అదే.

ఈ గడ్డికీ ఉప్పుకూ పొత్తు తక్కువ. చిలికా కథంతా ఈ ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది. సముద్రపు ముఖద్వారం ఇసుకతో పూడుకుపోతూ వచ్చిన రోజుల్లో ఉప్పు తగ్గి, కలుపు పెరిగి, చేపలు పడిపోయాయి. 1981లో మన దేశం నుంచి అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల పట్టికైన రామ్‌సర్ జాబితాకెక్కిన తొలి రెండు చిత్తడి నేలల్లో ఒకటైన ఈ సరస్సు 1993లో ప్రమాదంలో ఉన్నవాటి పట్టికలోకి, మాంట్రూ రికార్డులోకి జారింది. 2000 సెప్టెంబరులో చిలికా అభివృద్ధి సంస్థ కొత్త ముఖద్వారం తవ్వించింది. సరస్సు నీళ్లు సముద్రం చేరే దారి 18 కిలోమీటర్లు తగ్గింది. ఉప్పునీరు లోపలికి వచ్చింది, కలుపు వెనకడుగు వేసింది, చేపలూ రొయ్యలూ తిరిగొచ్చాయి. 2002లో ఆ ప్రమాద పట్టిక నుంచి పేరు తీసేశారు. ఆసియాలో అలా బయటపడ్డ మొదటి చోటు ఇదే.

సరస్సుకు ఇది గెలుపు. వలేసుకుని బతికేవాళ్లకు మరీ గెలుపు. కానీ ఆ ‘కలుపు’ అన్న మాటలో కిక్కిస కూడా ఉంది. రొయ్య కోసం ఉప్పు కావాలి, కంపజిట్టకూ బొల్లికోడికీ గిజిగాడి గూటికీ గడ్డి కావాలి. రెండూ ఒకే సరస్సులో ఇమడాలంటే ఎంత గడ్డి ఉంటే ఎన్ని పిట్టలు బతుకుతాయో ఎవరో ఒకరు చెప్పగలగాలి. ఎకరాల లెక్క ఉపగ్రహ చిత్రాలు చెబుతాయి. ఆ ఎకరాల్లో బతుకు ఎలా ఉందన్నది రింగుల పనే.

సరస్సు దక్షిణ కొస, రంభ వైపు, గంజాం జిల్లాది. లోతెక్కువ, కొండలు నీళ్లలోకి దిగినట్టుంటాయి, గడ్డి తక్కువ. గంజాంలో కిక్కిస, జమ్ము చూడాలంటే మంచినీటి చోట్లకు పోవాలి. ఛత్రపురం పక్కనున్న తంపరా సరస్సు అలాంటిది. సుమారు 300 హెక్టార్ల మంచినీరు, 2021లో రామ్‌సర్ జాబితాలో చేరింది. దానితో పాటు ఊరూరా ఉన్న చెరువుల అంచులు, రుషికుల్య, బాహుదా నదుల పాయలు. చిన్న చిన్న ముక్కలు. పక్షుల వార్తల్లో వీటి పేర్లు కనిపించవు. రింగు పనికి మాత్రం పెద్ద అడవి కన్నా ఇలాంటి ముక్కే అనువు. నాలుగు వలలతో నాలుగెకరాల గడ్డిని పట్టుకోవచ్చు, చిలికా ఉత్తర భాగాన్ని పట్టుకోలేం.

వల, సంచి, తూనిక

పిట్ట కాలికి అంకెలున్న లోహపు రింగు తొడిగి, ఆ అంకెల చిట్టా రాసి, శాస్త్రంగా మొదలుపెట్టినవాడు హాన్స్ మోర్టెన్సెన్ అనే డెన్మార్క్ బడిపంతులు. 1899లో గోరింకల జాతి పిట్టలకు అల్యూమినియం రింగులు తొడిగాడు. మన దేశంలో 1927లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ ఈ పని మొదలుపెట్టింది. అది పెద్దఎత్తున సాగింది మాత్రం 1959 తర్వాత. కారణం పక్షుల మీద ప్రేమ కాదు, జబ్బు భయం. 1957లో కర్ణాటక శివమొగ్గ అడవుల్లో క్యాసనూర్ జ్వరం బయటపడింది. వలస పక్షుల ఒంటి మీది పిడుదులు ఆ వైరస్‌ను మోసుకొచ్చాయేమోనన్న అనుమానంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ డబ్బిచ్చింది. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ నాయకత్వంలో లక్షకు పైగా పక్షులకు రింగులు పడ్డాయి. అప్పుడు చేతులు ఎవరివంటే, బీహార్ నుంచి వచ్చిన మీర్‌షికార్లవి. తరతరాలుగా పిట్టలు పట్టి అమ్ముకుని బతికిన కుటుంబాలు. ఏ పిట్ట ఏ వేళకు ఏ కొమ్మ మీదుగా దిగుతుందో వాళ్లకు తెలిసినంతగా పుస్తకాలకు తెలియదు.

పని ఇలా సాగుతుంది. గడ్డిలో సన్నటి సందు కొడతారు. ఆ సందు పొడవునా రెండు వెదురు గడల మధ్య మిస్ట్‌నెట్ అనే వల కడతారు. తొమ్మిది లేదా పన్నెండు మీటర్ల పొడవు, నల్లటి సన్న నైలాన్ దారం, వెలుగుకు అడ్డంగా లేకపోతే మనిషి కంటికే ఆనదు. చేపల వలకూ దీనికీ ఒక తేడా ఉంది. చేప మెడ వల కంట్లో ఇరుక్కుని చిక్కుతుంది. ఇక్కడ వలకు అడ్డంగా మూడు నాలుగు చోట్ల బిగుతు తాళ్లుండి, మధ్యలో వల వదులుగా వేలాడుతూ సంచిలా జారుతుంది. పిట్ట ఎగురుతూ వచ్చి తగిలి ఆ సంచిలోకి జారి పడుకుంటుంది. గింజుకున్న కొద్దీ చిక్కు పడుతుంది కనుక ఇరవై, ముప్పై నిమిషాలకొకసారి వల చూడాల్సిందే. ఎండెక్కితే, గాలి లేస్తే, వాన పడితే వల ముడిచేస్తారు. అందుకే పని తెల్లవారుజామున మొదలై తొమ్మిది, పదింటికి ముగుస్తుంది.

వలలోంచి తీయడం ఒక విద్య. ఏ వైపు నుంచి దూరిందో ఆ వైపు నుంచే, ముందు కాళ్లు, తర్వాత రెక్క, చివర తల. తీశాక గుడ్డసంచిలో వేస్తారు, చీకట్లో పిట్ట కుదుటపడుతుంది. రింగు తొడిగి ప్రత్యేకమైన పటకారుతో గుండ్రంగా మూస్తారు. కంపజిట్టకు వేసే రింగు బరువు గ్రాములో అతి చిన్న భాగం. పక్షి మీద వేసే ఏ బరువైనా దాని ఒంటి బరువులో మూడు నుంచి ఐదు శాతం దాటకూడదన్నది నియమం. ఉపగ్రహంతో మాట్లాడే యంత్రాలను పెద్ద పక్షులకు కట్టవచ్చు. తల మీద రెండు నల్లచారలుండే మంగోలియా హంసబాతులకు అలా కట్టి, అవి హిమాలయాల మీద ఏడు వేల మీటర్లు దాటి ఎగిరిన క్షణాలను కూడా పట్టుకున్నారు. పన్నెండు గ్రాముల పిట్టకు మూడు శాతం అంటే 0.36 గ్రాము. అంత బరువులో ఉపగ్రహ యంత్రం ఇమడదు. నూట పాతికేళ్ల నాటి లోహపు ముక్కే ఇప్పటికీ దీనికి దిక్కు.

రింగు వేశాక కొలతలు. మడిచిన రెక్క పొడవు, కాలి ఎముక, ముక్కు, బరువు. పొట్ట మీది ఈకలు ఊది పక్కకు తోస్తే పల్చటి చర్మం కింద పసుపుపచ్చ కొవ్వు కనిపిస్తుంది, దానికి సున్నా నుంచి ఎనిమిది దాకా మార్కులు. మార్చి చివర, ఏప్రిల్‌లో ఈ మార్కు పెరుగుతుంటే పిట్ట ప్రయాణానికి మూట కడుతోందని అర్థం. ఆ మూటకు సరిపడా పురుగులు ఈ గడ్డిలో దొరికాయో లేదో ఈ ఒక్క కొలతే చెబుతుంది. వయసు చూడాలంటే నోరు తెరిచి చూస్తారు. ఈ జాతిలో ఆ ఏడు పుట్టిన పిల్లలకు నాలుక మీద రెండు నల్లచుక్కలుంటాయి, కంటి రంగు కూడా పెద్దవాటి కన్నా మసకగా ఉంటుంది. నమ్మశక్యం కాకపోయినా, సైబీరియాలో ఆ వేసవి ఎలా గడిచిందో గంజాం చెరువు గట్టున కూర్చుని ఆ రెండు చుక్కల్లో చదవొచ్చు. అక్టోబరులో పట్టిన వాటిలో పిల్లలు మరీ తక్కువైతే అక్కడ గుడ్లు పొదగడం చెడిందన్నమాట. పిల్లలు బాగానే వచ్చి, ఆ తర్వాతి ఏడు పెద్దవి తిరిగి రాకపోతే దెబ్బ దారిలోనో ఇక్కడో తగిలిందన్నమాట. కంటి లెక్క ‘తగ్గాయి’ అంటుంది, అంతటితో ఆగుతుంది.

పిట్టకు దీనివల్ల హాని లేదా? ఉంది, లేదనడం తప్పు. 2012లో అమెరికా, కెనడాల్లోని 22 రింగు సంస్థల చిట్టాలు కలిపి చూసిన అధ్యయనంలో పట్టినవాటిలో 0.23 శాతం చనిపోయాయని, 0.59 శాతానికి గాయాలయ్యాయని తేలింది. శిక్షణ ఉన్న చేతుల లెక్క అది. శిక్షణ లేని చేతుల్లో ఎంతైనా కావచ్చు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అనుమతి లేకుండా అడవి పిట్టను పట్టడమే నేరం. ఆ కట్టడి ఉండాల్సిందే.

చింతగింజల లెక్క

ఒక కుండలో ఎన్ని చింతగింజలున్నాయో తెలియదనుకుందాం. నలభై తీసి సున్నం చుక్క పెట్టి, మళ్లీ కుండలో పోసి బాగా కలిపాం. ఇప్పుడు గుప్పెడు తీస్తే యాభై వచ్చాయి, వాటిలో ఎనిమిదింటికి చుక్క ఉంది. యాభైలో ఎనిమిది, అంటే సుమారు ఆరో వంతు చుక్కవి. కాబట్టి మొత్తం కుండలో కూడా అదే వంతు ఉండాలి. నలభైని యాభైతో హెచ్చించి ఎనిమిదితో భాగిస్తే 250. ఈ లెక్కను జీవాలకు మొదట వాడినవాళ్లలో ఒకడు పీటర్సన్. డెన్మార్క్‌వాడే, 1896లో, పిట్టల మీద కాదు, చేపల మీద. 1930లో అమెరికాలో ఫ్రెడరిక్ లింకన్ అనే పక్షి శాస్త్రవేత్త అదే సూత్రాన్ని బాతుల రింగులకు వాడాడు. అంతకు నూరేళ్ల ముందే గణితవేత్త లాప్లాస్ ఫ్రాన్స్ జనాభాను దాదాపు ఇదే ఉపాయంతో అంచనా కట్టాడు.

కిక్కిసలో చిక్కేమిటంటే పిట్టలు చింతగింజలు కావు. ఒకసారి వలలో పడిన పిట్ట మర్నాడు ఆ సందు దగ్గరికి రాదు. వల మీద బతికేవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. దీని ఫలితం చాలామంది అనుకునేదానికి తలకిందులుగా ఉంటుంది. పిట్టలు వలకు బెదిరితే లెక్క తక్కువ వస్తుందనుకుంటాం. పై లెక్కలో ఎనిమిది రింగు పిట్టలకు బదులు, బెదురు వల్ల నాలుగే చిక్కాయనుకోండి. జవాబు 250 కాదు, 500. ఉన్నవి అవే, కాగితం మీద రెట్టింపయ్యాయి. వేరే చోటికి పోతూ ఒక్కరోజు ఆగిన బాటసారి పిట్టలు కూడా ఇదే పని చేస్తాయి: రింగు వేయించుకుని వెళ్లిపోతాయి, మళ్లీ చిక్కవు, మొత్తాన్ని ఉబ్బిస్తాయి. అంటే నిర్లక్ష్యంగా చేసిన రింగు పని ఎప్పుడూ శుభవార్తే చెబుతుంది. అధికారులకు అది నచ్చుతుంది కూడా, అదే అసలు ప్రమాదం.

బతుకు లెక్క ఇంకా జాగ్రత్త కోరుతుంది. ఈ చలికాలం వంద పిట్టలకు రింగులు వేసి, వచ్చే చలికాలం ముప్ఫై చూశామనుకుందాం. డెబ్బై చచ్చిపోయాయని రాస్తే తప్పు. కొన్ని వచ్చి కూడా వలలో పడకపోయి ఉండొచ్చు. ఆ ‘కొన్ని’ ఎన్నో తెలియాలంటే మూడో చలికాలం దాకా ఆగాలి. మొదటి ఏడు చిక్కి, రెండో ఏడు కనిపించక, మూడో ఏడు మళ్లీ చిక్కిన పిట్ట రెండో ఏడు బతికే ఉంది కదా! అలాంటి పిట్టలెన్నో చూస్తే, బతికి ఉన్నవాటిలో మన వల ఎంత భాగాన్ని పడుతోందో తేలుతుంది. పదింటికి ఆరు పడుతోందని తేలితే, ముప్ఫైని 0.6తో భాగించి, యాభై బతికాయని చెప్పొచ్చు. 1964, 65లలో కార్మాక్, జాలీ, సీబర్ అనే ముగ్గురు గణాంకవేత్తలు విడివిడిగా కట్టిన పద్ధతి సారం ఇంతే. ఇక్కడా ఒక మెలిక ఉంది. చచ్చిన పిట్టకూ, పక్క ఊరి చెరువుకు మకాం మార్చిన పిట్టకూ ఈ లెక్కలో తేడా ఉండదు. తంపరాలో రింగు వేసిన పిట్ట రుషికుల్య పాయకు మారితే, అక్కడా ఎవరో వల కడితే తప్ప అది చచ్చినట్టే లెక్క.

ఇదంతా పిట్టలకే పరిమితం కాదు. చిలికా ఉత్తరాన ఇదే గడ్డిలో తిరిగే చేపపిల్లిని, అంటే చేపలు పట్టి తినే అడవిపిల్లిని లెక్కపెట్టినప్పుడు వాడింది ఈ కుటుంబపు గణితమే. 2022లో ప్రకటించిన ఆ అంచనా 176. అక్కడ రింగు అక్కర్లేదు, ఒంటి మీది మచ్చలే ఆధార్ నంబరు. ఆటోమేటిక్ కెమెరా తీసిన ఫొటోలో మచ్చలు పోల్చి, ఏ పిల్లి మళ్లీ వచ్చిందో చూశారు. మచ్చలు లేని మట్టిరంగు పిట్టకు మచ్చ మనమే పెట్టాలి, అదే రింగు.

చేతికి చిక్కితేనే తెలిసిన పిట్ట

1867లో హిమాలయాల్లో సట్లెజ్ లోయలో ఒక్క పిట్ట దొరికింది. కంపజిట్ట లాంటిదే, ముక్కు కాస్త పెద్దది. ఆ తర్వాత దశాబ్దాలు గడిచినా ఎవరికీ కనిపించలేదు. ఏదో మామూలు జాతిలో తేడా పుట్టిన పిట్టేమోనని కూడా కొందరు తీసిపారేశారు. 2006 మార్చి 27న థాయిలాండ్‌లో మురుగునీటి శుద్ధి కేంద్రం పక్కన రింగులు వేస్తున్నవాళ్ల వలలో పడ్డ పిట్ట ముక్కు, రెక్కల కొలతలు దేనితోనూ సరిపోలేదు. ఈక తీసి డీఎన్ఏ చూస్తే ఆ 1867 పిట్ట జాతే. 139 ఏళ్ల తర్వాత. మరి కొన్నేళ్లకు అఫ్గానిస్థాన్ ఈశాన్య కొసన దాని సంతాన స్థలం బయటపడింది. బైనాక్యులర్‌తో చూసేవాళ్ల ముందు నుంచి ఇది ఎన్నిసార్లు ఎగిరిపోయి ఉంటుందో! రెక్కలో ఏ ఈక ఎంత పొడుగన్నది చేతిలో పెట్టుకుని కొలిస్తే తప్ప ఈ జాతుల మధ్య తేడా తేలదు. చిలికా కిక్కిసలో ‘చెక్’ అన్న ప్రతి పిట్టా కంపజిట్టే అనుకోవడం అందుకే తొందరపాటు. అందులో పొలాల వార్బ్లర్ ఉంటుంది, పెద్దగొంతు రీడ్ వార్బ్లర్ ఉంటుంది.

మూడు అక్టోబర్లు

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం మీద పడింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర. గంజాం, శ్రీకాకుళం జనానికి ఈ తేదీలు ఇంటి తద్దినాల్లా గుర్తుంటాయి. వలస వచ్చిన చిన్నపిట్టలు చలికాలపు మకాం కుదుర్చుకునే రోజులు కూడా ఇవే. తుపాను గడ్డిని పడగొడుతుంది, ఉప్పునీటిని పొలాల్లోకి తోస్తుంది, తర్వాత వానతో మంచినీళ్లు ముంచెత్తుతాయి. జనవరి లెక్క వచ్చేసరికి మూడు నెలలు గడిచిపోతాయి.

తుపాను ఏం చేసిందో చెప్పాలంటే తుపాను లేని ఏళ్ల చిట్టా ముందే ఉండాలి, అదీ ఒకే పద్ధతిలో. బ్రిటన్‌లో 1983 నుంచి ఇలాంటి పథకం నడుస్తోంది: అవే చోట్ల, అవే వలలు, అన్నే గంటలు, మే నుంచి ఆగస్టు మధ్య పన్నెండు సార్లు. అక్కడ గుడ్లు పెట్టే కాలం అది. గంజాంకు ఆ క్యాలెండర్ పనికిరాదు, ఇక్కడ అక్టోబరు నుంచి మార్చి. ఒకే కొలత అన్న నియమం కూడా ఇక్కడ తేలిగ్గా నిలవదు. అక్టోబరులో మొలలోతు నీళ్లలో కట్టిన వల ఫిబ్రవరికి పొడినేల మీద ఉంటుంది. గడ్డి నాలుగు మీటర్లు పెరిగితే రెండున్నర మీటర్ల వల కింది అంతస్తునే పడుతుంది. మధ్యలో ఎవరో కప్పుకో, తడికకో గడ్డి కోసుకుపోతే ఆ సందే ఉండదు. కాబట్టి ప్రతి రోజూ నీటి లోతు, గడ్డి ఎత్తు, కోత జరిగిన మేర పిట్టల చిట్టాలోనే రాసి పెట్టాలి. విసుగు పుట్టించే పని. పదేళ్ల తర్వాత విలువ వచ్చేది ఈ విసుగు పని వల్లే.

కోత అంటే చెడు అనుకోనక్కర్లేదు. కొయ్యని కిక్కిస ఎండి, ఒకదాని మీద ఒకటి పడి, అడుగున చెత్త మేటవేసి చివరికి నేలగా మారుతుంది. కొంత కోసి కొంత వదిలి, మరుసటి ఏడు వదిలింది కోస్తే గడ్డీ నిలుస్తుంది, పిట్టా నిలుస్తుంది. గట్టు పొడవునా ఒకే వారంలో నిప్పు పెట్టడం వేరే కథ.

ఇంగ్లిష్ రింగు, ఒడియా బడి, తెలుగు ఇల్లు

రింగు పనిలో సగం వల దగ్గర జరుగుతుంది. మిగతా సగం ఎవరికో, ఎక్కడో, ఎప్పుడో చచ్చిన పిట్ట దొరికినప్పుడు జరుగుతుంది. చిన్నపిట్టల విషయంలో ఇలా దూరాన దొరికే రింగులు నూటికి ఒకటి కూడా ఉండవు. అందుకే దొరికిన ఒక్కటీ పోకూడదు.

గంజాం తీరంలో, చిలికా చుట్టూ ఆ రింగు ఎవరి చేతికి దొరకొచ్చు? పడవ నడిపేవాడికి, వల దులిపేవాడికి, గడ్డి కోసే ఆడమనిషికి. గోపాలపురం నుంచి రుషికుల్య దాకా తీరం పొడవునా ఉన్న వాడబలిజలు, జాలరులు తెలుగువాళ్లు. ఒడియావాళ్లు వాళ్లను నోలియాలంటారు. ఇంట్లో తెలుగు, సంతలో ఒడియా, బడికెళ్తే చదువు ఒడియాలో. రింగు మీద ఉండేది ఇంగ్లిష్: బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి తెలియజేయండి అని అర్థమిచ్చే పొట్టి మాటలు, ఒక నంబరు. తెలియజేయమన్నవాళ్లు ఏ భాషలో ఎలా తెలియజేయాలో చెప్పలేదు.

భాష ఒక అడ్డంకి, భయం దానికన్నా పెద్దది. చచ్చిన పిట్ట కాలి రింగు చూపిస్తే, ‘దీన్ని ఎవరు చంపారు?’ అన్న ప్రశ్న ముందొస్తుందని వల దులిపేవాడి అనుమానం. అనుమానం వట్టిది కాదు. చట్టం గట్టిది, కేసు అంటే పడవ పోతుంది, వల పోతుంది. అందుకని రింగు నీళ్లలోకి పోతుంది, లేదా పిల్లాడి మొలతాడుకు చేరుతుంది. ఇలా జరిగిన కొద్దీ శాస్త్రజ్ఞుల పట్టికలో ఈ తీరం ఖాళీగా కనిపిస్తుంది. ఖాళీ చూసి, ఇక్కడ పిట్టలు బాగానే బతుకుతున్నాయని ఎవరైనా అనుకుంటే మళ్లీ ఆ తప్పుడు శుభవార్తే.

దీనికి విరుగుడు చిలికాలోనే ఉంది. మంగళజోడి ఒకప్పుడు పక్షుల వేటకు పేరుపడ్డ ఊరు. అక్కడి వేటగాళ్లే తర్వాత శ్రీ మహావీర్ పక్షి సురక్షా సమితి పేరుతో కాపలాదారులయ్యారు, ఇవాళ పడవల్లో పర్యాటకులకు పక్షులు చూపించి బతుకుతున్నారు. చట్టం భయం ఒక్కటే చేసిన పని కాదది. వాళ్లకు తెలిసిన విద్యకు విలువ కట్టారు, అదీ కారణం. వాడబలిజల దగ్గర కూడా విద్య ఉంది: వల కన్ను, దారం, గాలివాటం, చీకట్లో ముడి విప్పే వేళ్లు. మిస్ట్‌నెట్ చిరిగితే దాన్ని బాగుచేయగల చేతులు బరంపురం కాలేజీలో కన్నా వాళ్ల వాడలోనే ఎక్కువ. రింగు జట్టులో వాళ్ల పిల్లలు ఇద్దరుంటే, రింగు దొరికినవాడు ఆఫీసుకు కాదు, తెలిసిన కుర్రాడికి చూపిస్తాడు. చేపల రేవులో తెలుగులో, ఒడియాలో రాసిన ఒక పలక, ‘రింగు చూపిస్తే కేసు లేదు’ అన్న ఒక్క వాక్యం, అటవీ శాఖ సంతకంతో పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

అప్పటిదాకా, రింగున్న పిట్ట దొరికినవాళ్లు చేయగలిగింది కొద్దిగా ఉంది. బతికున్న పిట్టయితే రింగు తీయకూడదు. నంబరు చదివి, ఫొటో తీసి, వదిలెయ్యాలి. చచ్చినదైతే తేదీ, ఊరు, ఎలా దొరికిందన్నది రాసుకోవాలి. చిన్న రింగు మీద అంకెలు చుట్టూ తిరిగి ఉంటాయి కనుక ఒక్క ఫొటో చాలదు, కాలును కొద్దికొద్దిగా తిప్పుతూ నాలుగు వైపులా తియ్యాలి. అరిగిన రింగు మీద 1 ఏదో 7 ఏదో, తిరగేసి పట్టుకుంటే 6 ఏదో 9 ఏదో తేలదు. ఒక్క అంకె తేడా పడితే తంపరా పిట్ట కజకిస్థాన్ పిట్ట అయిపోతుంది.